విజ్లా: హంగేరీ వేటకుక్క గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇంట్లో తొమ్మిదేళ్లుగా ఒక ఆడ విజ్లా ఉంది. దాన్ని బయటికి తీసుకెళ్లిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఆగి అడుగుతారు: ఇదేం జాతి, ఇంత సన్నగా ఉందేంటి, తిండి సరిగ్గా పెట్టడం లేదా అని. కింది ప్రశ్నల్లో సగం అలా దారిలో ఎదురైనవే. మిగతావి, విజ్లా పిల్లను తెచ్చుకోవాలనుకునేవాళ్లు ఫోన్ చేసి అడిగేవి.

విజ్లా ఏ దేశపు కుక్క? ఏ పనికి పెంచారు?

హంగేరీ కుక్క. పిట్టల వేటకూ కుందేళ్ల వేటకూ పెంచారు. పచ్చికలో నక్కిన పిట్టను వాసనతో పసిగట్టడం, కదలకుండా నిలబడి వేటగాడికి చూపించడం, తుపాకీ పేలాక పడిన పిట్టను నోట కరుచుకుని తెచ్చివ్వడం, ఇవన్నీ ఒకే కుక్క చేస్తుంది. కుక్క జాతుల్ని గుర్తించే అంతర్జాతీయ కెన్నెల్ సమాఖ్య ఎఫ్‌సీఐ దీన్ని పాయింటింగ్ కుక్కలుండే, అంటే పిట్టను అలా నిలబడి చూపించే కుక్కలుండే, 7వ గ్రూపులో ఉంచింది. పొట్టి వెంట్రుకల విజ్లా ప్రమాణం (జాతి ఎలా ఉండాలో చెప్పే పత్రం) సంఖ్య 57.

పేరు ఎలా పలకాలి?

హంగేరియన్‌లో ‘జ్’ అక్షరాన్ని కాస్త ‘ష’ వైపు మెత్తగా లాగి పలుకుతారు. తెలుగులో విజ్లా అంటే సరిపోతుంది. హంగేరియన్లకు విజ్లా అనేది ఒక్క ఈ జాతి పేరే కాదు, పాయింటింగ్ కుక్కలన్నిటికీ వాడే మాట. జర్మన్ పాయింటర్‌ను వాళ్లు ‘నేమెత్ విజ్లా’ అంటారు, అంటే జర్మన్ విజ్లా. అందుకే తమ సొంత కుక్కను ‘మజ్యార్ విజ్లా’ అని విడిగా చెప్పుకుంటారు.

ఇది నిజంగా వెయ్యేళ్ల నాటి జాతా?

పూర్వీకుల మాట అయితే అవును, ఇప్పుడు మనం చూస్తున్న కుక్క మాట అయితే కాదు. ఈ రెంటినీ కలిపి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

హంగేరియన్ల పూర్వీకులైన మజ్యార్ తెగలు 895 ప్రాంతంలో తూర్పు నుంచి గుర్రాల మీద కార్పేథియన్ కొండల మధ్య మైదానానికి వచ్చి స్థిరపడ్డాయి. వాళ్ల వెంట వేటకుక్కలూ వచ్చాయి. 14వ శతాబ్దపు పత్రాల్లో ఈ కుక్కల గురించి రాతలు, బొమ్మలు దొరుకుతాయి. అప్పట్లో పిట్టల వేటకు తుపాకీ లేదు. కుక్క పిట్టను వెతికి లేపితే డేగ గాల్లో పట్టేది, లేదంటే పిట్టల మీద వల వేసేవాళ్లు. కుక్క తొందరపడి ఉరికితే వల వేసే సమయమే ఉండదు. కాబట్టి పిట్ట దగ్గర నిలిచిపోయే కుక్కకే విలువ. తర్వాత హంగేరీలో పెద్ద భాగం నూట యాభై ఏళ్ల దాకా ఒట్టోమన్ తుర్కుల చేతుల్లో ఉంది. వాళ్ల పసుపు రంగు వేటకుక్కల రక్తం అప్పుడే కలిసిందని అంటారు.

18వ శతాబ్దం నుంచి వేటకుక్కగా దీనికి ప్రాధాన్యం పెరుగుతూ వచ్చింది. 19వ శతాబ్దం చివర హంగేరీలో పాయింటింగ్ కుక్కల పోటీలు మొదలైతే వాటిలో విజ్లాలూ గెలిచాయి. కానీ అదే కాలంలో వేరే వేటజాతుల రక్తం కూడా బాగా కలిసింది, అసలు రూపం పలచబడింది. స్వచ్ఛమైన విజ్లాను తిరిగి నిలబెట్టాలని పట్టుబట్టి పెంపకం మొదలుపెట్టింది 1920లో. ఎఫ్‌సీఐ గుర్తింపు 1936లో వచ్చింది. అంటే ఇప్పటి విజ్లాకు పుట్టిన తేదీ ఏదంటే నేను 1920 అనే చెప్తాను. 

ఆ సంవత్సరాన్ని హంగేరియన్లు ఇంకో కారణానికి మర్చిపోరు. ట్రయానాన్ ఒప్పందంతో దేశం మూడింట రెండు వంతుల భూభాగం కోల్పోయింది కూడా 1920లోనే. దేశం అంత చితికిపోయిన సమయంలో కొంతమంది కూర్చుని, మన కుక్క మిగలాలి అని లెక్క రాసుకుని ఒక్కో జతా కలపడం మొదలుపెట్టారు. ఈ జాతి చరిత్రలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే.

రెండో ప్రపంచ యుద్ధంలో విజ్లా అంతరించిపోయిందని విన్నాను, నిజమేనా?

అంతరించలేదు, కానీ ఆ అంచు దాకా వెళ్లింది. సోవియట్ సైన్యం హంగేరీలోకి వస్తున్నప్పుడు భూస్వాముల కుటుంబాలు ఆస్ట్రియా వైపు పారిపోయాయి. విజ్లాలు ఎక్కువగా వాళ్ల దగ్గరే ఉండేవి. కొందరు కుక్కల్ని వెంట తీసుకెళ్లారు, చాలా కుక్కలు ఆ గందరగోళంలో పోయాయి. యుద్ధం తర్వాత హంగేరీలో మిగిలిన కొద్ది కుక్కలతోనూ, సరిహద్దు దాటిన కుక్కలతోనూ జాతిని మళ్లీ కట్టుకున్నారు.

అమెరికాకు 1950లో చేరింది. కాన్సస్ సిటీలో ఫ్రాంక్ టాల్‌మన్ అనే ఆయన దగ్గరికి సారి అనే ఆడకుక్క, దాని పిల్లలు టిటో, శాస్తా వచ్చాయి. పదేళ్లు తిరిగేసరికి, 1960లో, అమెరికన్ కెన్నెల్ క్లబ్ జాతిని గుర్తించింది. బ్రిటన్‌లో దీన్ని హంగేరియన్ విజ్లా అంటారు. 2010లో అక్కడి క్రఫ్ట్స్ కుక్కల ప్రదర్శనలో అన్ని జాతుల మీదా గెలిచిన యోగి అనే కుక్క విజ్లాయే.

అన్ని పనుల వేటకుక్క అంటారు కదా, మిగతా వేటకుక్కలతో తేడా ఏమిటి?

బ్రిటన్‌లో పెద్ద ఎస్టేట్ల వాళ్లు పని పంచారు. వెతికి చూపించడానికి పాయింటర్, సెటర్. పొదల్లోంచి పిట్టను లేపడానికి స్పానియల్. పడిన పిట్టను తేవడానికి రిట్రీవర్. ఇన్ని కుక్కల్ని, వాటిని చూసుకునే మనుషుల్ని పోషించే స్తోమత ఉన్నవాళ్ల పద్ధతి అది. యూరప్ ప్రధాన భూభాగంలో వేటగాడు చాలాసార్లు ఒక్కడే, కాలినడకన, ఒకే కుక్కతో వెళ్లేవాడు. ఉదయం పొలంలో కౌజు పిట్ట, దారిలో కుందేలు, సాయంత్రం మడుగు దగ్గర అడవి బాతు, అన్నిటికీ అదే కుక్క. విజ్లా, జర్మన్ షార్ట్‌హెయిర్డ్ పాయింటర్, వైమరానర్, బ్రిటనీ ఈ కోవలోవే.

ఇందులో చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. ఒక్క పనికి పెంచిన కుక్క ఆ పని మీదే మనసు పెట్టి మనిషిని మర్చిపోవచ్చు. మూడు నాలుగు పనులు చేయాల్సిన కుక్క మాత్రం ఇప్పుడు ఏ పనో తెలుసుకోవడానికి మనిషి వైపు చూస్తూ ఉండాలి. కాలినడకన వెళ్లే వేటగాడికి దగ్గరలోనే తిరగాలి, మధ్యమధ్యలో వెనక్కి తిరిగి చూడాలి. విజ్లాలో ఈ గుణం మిగతావాటికంటే ఎక్కువ. ఇంట్లో అది మిమ్మల్ని వదలకుండా తిరిగేది కూడా ఇందుకే. దీన్ని ముద్దుగా ‘వెల్క్రో కుక్క’, అంటే అతుక్కుపోయే కుక్క, అంటారు. నేను మాత్రం అది దాని వృత్తి నైపుణ్యం అంటాను.

పాయింట్ చేయడం అంటే సరిగ్గా ఏం జరుగుతుంది?

మా కుక్క సంగతే చెప్తాను. గాలి ఎదురుగా వచ్చేలా పచ్చికలోకి వదిలితే ఎడమకూ కుడికీ వంకీలు తిరుగుతూ పరిగెత్తుతుంది, ముక్కు నేలకు ఆన్చదు, తల పైకే ఉంటుంది. ఉన్నట్టుండి ఒక చోట, ఎవరో తాడు పట్టి లాగినట్టు, ఒళ్లంతా ఆగిపోతుంది. ముందు కాలు ఒకటి సగం లేచి గాల్లోనే ఉండిపోతుంది. తోక వీపుకు సమంగా బిగుసుకుంటుంది. నోరు మూసుకుంటుంది. ముక్కు రంధ్రాలు మాత్రం కదులుతూ ఉంటాయి. దగ్గరికి వెళ్లి పక్కటెముకల మీద చెయ్యి పెడితే లోపల సన్నగా వణుకు తెలుస్తుంది. పూరేడు పిట్ట పది అడుగుల దూరంలో గడ్డి దుబ్బులో ఉంటుంది, మన కంటికి కనపడదు.

ఇది నేర్పితే వచ్చేది కాదు. ఎరను చూసి దూకబోయే ముందు చాలా వేటజంతువులు ఒక క్షణం ఆగుతాయి. ఆ క్షణాన్ని తరతరాల ఎంపికతో సాగదీశారు. రెండు నెలల పిల్ల ముందు కర్రకు దారంతో ఈక కట్టి ఆడిస్తే అది కూడా కాలు ఎత్తి నిలబడుతుంది. కాకపోతే అది కంటితో చేసే పాయింట్. ఒకటి రెండుసార్లు చూసి ఆనందించి ఆపేయండి. రోజూ ఆడిస్తే ముక్కు వాడాల్సిన కుక్క కంటి మీద ఆధారపడుతుంది. 

నిలబడటం పుట్టుకతో వస్తుంది గానీ, పిట్ట ఎగిరినా తుపాకీ పేలినా కదలకుండా నిలబడటం నేర్పాల్సిందే. దానికి నెలలు పడుతుంది.

నీళ్లలో దిగుతుందా?

దిగుతుంది, ఈత బాగా కొడుతుంది. కానీ ఒంటి మీద ఒకే పొర పొట్టి వెంట్రుకలు, కింద ఉన్ని లాంటి పొర ఉండదు. గడ్డకట్టే నీళ్లలో గంటల తరబడి బాతులు తెచ్చే పనికి లాబ్రడార్ లాంటి కుక్కే సరి.

వేటకు పనికొస్తుందో లేదో ఎలా పరీక్షిస్తారు?

దేశదేశానికీ పద్ధతులు వేరు. నాకు బాగా నచ్చింది 1969లో మొదలైన నార్త్ అమెరికన్ వర్సటైల్ హంటింగ్ డాగ్ అసోసియేషన్ పద్ధతి. 16 నెలల లోపు కుక్కలకు వాళ్లు పెట్టే సహజ సామర్థ్య పరీక్షలో ముక్కు, వెతికే తీరు, నీళ్లలో దిగడం, పాయింట్, జాడ పట్టడం, పని మీద ఆసక్తి, మనిషితో సహకారం, వీటన్నిటికీ మార్కులు వేస్తారు. ఒక కుక్కకూ ఇంకో కుక్కకూ పోటీ ఉండదు, ప్రమాణంతోనే పోలుస్తారు. శిక్షణ కంటే పుట్టుకతో ఏం వచ్చిందో చూడటమే లక్ష్యం. కుక్కపిల్లల్ని అమ్మేవాళ్లు వాటి తల్లిదండ్రుల పరీక్ష ఫలితాలు చూపిస్తే వంశం గురించి చాలా తెలుస్తుంది.

ఎత్తు, బరువు, రంగు?

ఎఫ్‌సీఐ ప్రమాణం ప్రకారం మగకుక్క 58 నుంచి 64 సెంటీమీటర్లు, ఆడకుక్క 54 నుంచి 60. బరువు ఇరవై, ముప్పై కిలోల మధ్య ఉంటుంది, చిన్న ఆడకుక్కలు ఇంకాస్త తక్కువ తూగుతాయి. రంగు తుప్పు కలిసిన బంగారు రంగు, ముదురు, లేత ఛాయలుంటాయి. హంగేరియన్లు బన్ను రంగు అంటారు. పొయ్యిలోంచి తీసిన బన్ను పైపొరను గుర్తు తెచ్చుకోండి, సరిగ్గా అదే. ఎండిపోయిన గడ్డిలో నిలబడితే కుక్క కనిపించదు, మైదానంలో వేటకు ఆ రంగు అలా పనికొచ్చేది. ముక్కు, కనురెప్పల అంచులు కూడా ఒంటి రంగుకు తగ్గట్టే ఉండాలి, నల్ల ముక్కు తప్పు కింద లెక్క. ఛాతీ మీద చిన్న తెల్ల మచ్చ ఉంటే పర్లేదు. పిల్లలు నీలి కళ్లతో పుడతాయి, పెరిగేకొద్దీ కళ్లు గోధుమ రంగులోకి మారతాయి.

ఎందుకంత సన్నగా ఉంటుంది?

ఉండాల్సింది అలాగే. పరిగెత్తే కుక్క ఇది. చివరి ఒకటి రెండు పక్కటెముకలు లీలగా కనిపిస్తున్నా, తొడల కండ గట్టిగా ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టే. చుట్టాలు, స్నేహితులు చూసి జాలిపడతారు. వాళ్ల మాట విని గిన్నె నింపకండి.

తోక కత్తిరించాలా?

నా అభిప్రాయం అడిగితే వద్దు. ముళ్లపొదల్లో తోక చివర చీరుకుపోకుండా వేటకుక్కలకు పావు వంతు తీసే ఆచారం ఉంది, అమెరికా ప్రమాణంలో మూడో వంతు. చాలా యూరప్ దేశాల్లో తోక కత్తిరించడం మీద నిషేధం ఉంది. ఎఫ్‌సీఐ నిండు తోకను అంగీకరిస్తుంది. వేటకు వెళ్లని కుక్కకు ఆ కోత ఎందుకు?

గడ్డం ఉన్న విజ్లాను చూశాను. అది సంకరమా?

అది వేరే జాతి, వైర్‌హెయిర్డ్ విజ్లా. 1930ల్లో హంగేరీలో వషష్ యోజెఫ్ అనే పెంపకందారు పొట్టి వెంట్రుకల విజ్లా ఆడకుక్కల్ని జర్మన్ వైర్‌హెయిర్డ్ పాయింటర్‌తో కలిపి మొదలుపెట్టాడు. చలికీ ముళ్లకీ తట్టుకునే గరుకు వెంట్రుకల విజ్లా కావాలన్నది ఉద్దేశం. ఎఫ్‌సీఐ ప్రమాణం 239, అమెరికన్ కెన్నెల్ క్లబ్ పూర్తి గుర్తింపు 2014లో వచ్చింది. ఎముక కాస్త బరువు, స్వభావం కాస్త నెమ్మది.

ఒంటరిగా ఇంట్లో వదిలి ఉద్యోగానికి వెళ్లొచ్చా?

రోజూ తొమ్మిది, పది గంటలు ఒంటరిగా ఉండే ఇల్లయితే విజ్లాను తెచ్చుకోకండి. ఇంత కటువుగా ఎందుకు చెప్తున్నానంటే, ఈ జాతి కుక్కల్ని తిరిగి ఇచ్చేసేవాళ్లు చెప్పే కారణాల్లో ఎక్కువగా వినేది ఇదే. తలుపు గీకడం, సోఫా చింపడం, గొంతు పోయేలా అరవడం, చొంగతో నేలంతా తడిసిపోవడం. చూసేవాళ్లకు అల్లరిలా ఉంటుంది. కుక్కకు అది భయం, టెన్షన్. మనిషికి దగ్గరగా ఉండేవాటినే ఏరి ఏరి పెంచిన జాతిని తెచ్చి మనిషి లేని గదిలో పెడితే ఇంకేం చేస్తుంది?

చిన్నప్పటి నుంచి అలవాటు చేస్తే మూడు నాలుగు గంటలు హాయిగా ఉండగలదు. ముందు రెండు నిమిషాలు, తర్వాత ఐదు, అలా పెంచుతూ పోవాలి. వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు హడావిడి చేయకూడదు. మొదటి ఏడాది నేనే తప్పు చేశాను. ఇంట్లోంచి పనిచేసే రోజుల్లో తెచ్చుకుని, ఒక్క గంట కూడా వదలకుండా పెంచాను. తర్వాత ఒక పెళ్లికి వెళ్లి రాత్రికి తిరిగొస్తే, తలుపు కింది చెక్కంతా పీచుపీచుగా ఉంది, దాని గోళ్ల నుంచి రక్తం కారుతోంది. మళ్లీ మొదటి రెండు నిమిషాల దగ్గర నుంచి నేర్పడానికి ఐదు నెలలు పట్టింది.

ఇంకో మాట. పెరట్లో కట్టేసి పెంచే కుక్క కాదిది. రాత్రి మీ దుప్పటి కిందికి సొరంగం తవ్వినట్టు దూరి, కాళ్లకు ఆనుకుని పడుకుంటుంది. మీకు ఇష్టం లేకపోతే మొదటి రోజు నుంచే దాని పక్క వేరుగా వెయ్యండి.

రోజుకు ఎంత పరిగెత్తించాలి?

పెద్దకుక్కకు కనీసం గంటన్నర, అందులో కొంతసేపు తాడు లేకుండా సురక్షితమైన చోట స్వేచ్ఛగా పరుగు ఉండాలి. తాడు పట్టుకుని వీధి చివరిదాకా వెళ్లి రావడం దానికి లెక్కలోకి రాదు. ఏడాదిన్నర నిండే వరకు మాత్రం సైకిల్ వెంట పరిగెత్తించడం, పదేపదే ఎత్తు నుంచి దూకించడం వద్దు. ఎదిగే ఎముకల చివర్లు అప్పటికి గట్టిపడవు.

కాళ్లు అలిసినా ముక్కు ఖాళీగా ఉంటే ఈ కుక్కకు తృప్తి ఉండదు. ఇది నాకు ఆలస్యంగా అర్థమైంది.

మేం వేటాడం. అయినా పెంచుకోవచ్చా?

పెంచుకోవచ్చు, వేట స్థానంలో ఇంకేదైనా ఇవ్వగలిగితే. గడ్డిలో గుడ్డబొమ్మను దాచి వెతికించండి. ముందురోజు నడిచిన దారి మీద జాడ పట్టించండి. నీళ్లలోకి విసిరి తెప్పించండి. మా కుక్కకు నా పాత చేతిగుడ్డను దాచి ‘వెతుకు’ అంటే చాలు, ఇరవై నిమిషాలు లోకం మర్చిపోతుంది, ఆ తర్వాత రెండు గంటలు నిద్రపోతుంది. గంట పరుగు తర్వాత కూడా అంత నిద్ర పోదు. వాసనతో వెతికే పనుల్లోనూ, అడ్డంకులు దాటే పోటీల్లోనూ విజ్లాలు బాగా రాణిస్తాయి.

శిక్షణ తేలికేనా? తుపాకీ శబ్దానికి భయపడుతుందా?

తెలివికి లోటు లేదు, చర్మమే పలచన. గట్టిగా అరిస్తే, ఒక దెబ్బ వేస్తే మాట వినదు సరికదా, ఆ చోటన్నా ఆ పనన్నా వెనకడుగు వేస్తుంది. మెత్తగా, చిన్న చిన్న పాఠాలుగా, చేసిన వెంటనే మెచ్చుకుంటూ చెప్పాలి. 

తుపాకీ భయం పుట్టుకతో వచ్చేది తక్కువ, మనం తెచ్చిపెట్టేదే ఎక్కువ. ‘భయపడుతుందేమో చూద్దాం’ అని పిల్లను తీసుకెళ్లి పక్కన పేల్చేవాళ్లున్నారు. ఆ ఒక్క రోజుతో మంచి కుక్క పాడైపోతుంది. పిల్ల పిట్ట వెంట పడి మైమరిచిపోయి ఉన్నప్పుడు, చాలా దూరం నుంచి, చిన్న శబ్దంతో మొదలుపెట్టాలి. తల కూడా తిప్పకపోతేనే ఇంకో రోజు కొంచెం దగ్గరికి రావాలి. 

పిల్లలతో, పిల్లులతో ఎలా ఉంటుంది?

పిల్లలతో చాలా ప్రేమగా ఉంటుంది. కానీ ఏడాది వయసులో దానికి ఒళ్లు తెలియదు, మూడేళ్ల పాపను ఆటలో పడేస్తుంది, పక్కనే ఉండి చూసుకోవాలి. చిన్నప్పటి నుంచి కలిసి పెరిగిన పిల్లితో సర్దుకుంటుంది. పావురాలు, కోళ్లు, కుందేళ్లు మాత్రం దాని కళ్లకు వేటే, ఎంత నేర్పినా నమ్మి వదలకండి.

కాపలా కాస్తుందా?

ఎవరైనా వస్తే మొరుగుతుంది, వాళ్లు లోపలికి వచ్చాక ఒళ్లో కూర్చుంటుంది.

ఏ జబ్బులు రావచ్చు?

సాధారణంగా 12 నుంచి 14 ఏళ్లు బతికే గట్టి జాతి. అయినా తుంటి కీలు లోపం, మూర్ఛ, కొన్ని కంటి జబ్బులు, థైరాయిడ్ తగ్గడం, చర్మంలోని నూనె గ్రంథులు దెబ్బతిని పొట్టు రాలే జబ్బు ఈ జాతిలో కనిపిస్తాయి. తప్పక తెలిసి ఉండాల్సింది కండరాల వాపు జబ్బు, పాలీమయోసైటిస్. మింగడం కష్టమవడం, నోట్లోంచి నీళ్లు ఆగకుండా కారడం, తిన్నది అలాగే బయటికి రావడం, తల మీది కండ కరిగి ఎముక తేలడం దీని లక్షణాలు. పంటి సమస్యనో అజీర్తో అనుకుని రోజులు గడపకుండా, విజ్లాల్లో ఈ జబ్బు ఉంటుందని డాక్టర్‌కు మీరే గుర్తు చేయండి. తొందరగా పట్టుకుంటే మందులతో అదుపులో ఉంచే అవకాశం ఉంటుంది.

పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ ఎప్పుడు చేయించాలన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. 2014లో అమెరికా పశువైద్య పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం 2,505 విజ్లాల వివరాలు పరిశీలించింది. ఆపరేషన్ అయిన కుక్కల్లో కొన్ని క్యాన్సర్లు, ఉరుములంటే భయం ఎక్కువగా కనిపించాయి. అయితే అవి యజమానులు నింపి పంపిన వివరాలు, కాబట్టి ఆపరేషనే కారణమని దాన్నిబట్టి తేల్చలేం. మరీ చిన్న వయసులో తొందరపడకుండా మీ డాక్టర్‌తో కూర్చుని మాట్లాడండి.

పిల్లను ఎంచుకునేటప్పుడు ఏం చూడాలి?

ముందు తల్లిని చూడాలి. కొత్త మనిషిని చూసి వణికే తల్లికి పుట్టిన పిల్లను, ఎంత అందంగా ఉన్నా, తీసుకోకండి. తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రే, కంటి పరీక్ష కాగితాలు అడగండి. వంశంలో మూర్ఛ ఉందా అని సూటిగా అడగండి. ఆ ప్రశ్నకు విసుక్కునే మనిషి దగ్గర కొనొద్దు. మిమ్మల్ని తిరిగి పది ప్రశ్నలు వేసి, ఇంట్లో రోజంతా ఎవరుంటారని నిలదీసే మనిషి దొరికితే అక్కడే ఆగండి.

ముసలితనంలో శాంతిస్తుందా?

మూడో ఏడు దాటాక ఒక స్థిమితం వస్తుంది. ఎనిమిదో ఏట నుంచి మూతి తెల్లబడుతుంది, కళ్ల చుట్టూ కూడా నెరుస్తుంది. మా దానికి ఇప్పుడు కుడి వెనక కాలు చలికాలం పొద్దున్నే పట్టేస్తుంది, లేచాక పది అడుగులు కుంటుతుంది. నిన్న కూడా అలాగే కుంటుతూ పచ్చికలోకి వెళ్లింది. గాలి తిరిగింది. కాలు గాల్లోకి లేచి ఆగిపోయింది.